56 ఏపీఓ నాన్న కోసం 42 కిలోమీటర్లు

ప్రశ్న: అక్కా, నాకు 36 ఏళ్లు. మాది శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. నాన్న 1984లో ఆర్మీలో చేరి, ఏఎస్‌సీలో (ఆర్మీ సర్వీస్ కోర్, సైన్యానికి సరుకులు చేరవేసే విభాగం) డ్రైవర్‌గా 24 ఏళ్లు పనిచేసి హవల్దారుగా రిటైరయ్యారు. ఏడాదికి రెండు నెలలు సెలవు మీద వచ్చేవారు. మిగతా పది నెలలూ నాన్నంటే మాకు ‘56 ఏపీఓ’ అడ్రసున్న ఉత్తరాలే. పోయిన ఆగస్టులో గుండెపోటుతో పోయారు. ఆయన పేరు మీద ఈ ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో ఫుల్, అంటే 42 కిలోమీటర్లు, పరిగెత్తాలనుకుంటున్నాను. ప్రస్తుతం వారానికి మూడు రోజులు 5 కిలోమీటర్లు పరిగెడుతున్నాను, 40 నిమిషాలు పడుతోంది. నాన్న ఆర్మీ జాకెట్ వేసుకుని, మెడల్స్ పెట్టుకుని పరిగెత్తాలని ఉంది. డబ్బు పోగుచేసి సైనికుల కుటుంబాలకు ఇవ్వాలనీ ఉంది. అమ్మ మాత్రం వద్దంటే వద్దంటోంది. అన్నయ్యేమో "నాన్న లారీ తోలారు, యుద్ధం చెయ్యలేదు, ఇంత హడావుడి ఎందుకు, ఊళ్లో నవ్వుతారు" అన్నాడు. ఆ మాట దగ్గర ఆగిపోయాను. పరిగెత్తనా, మాననా?

సమాధానం:

చెల్లీ, పరిగెత్తు. ఈ ఆగస్టులో 42 మాత్రం వద్దు, ఎందుకో కాసేపట్లో చెప్తాను. ముందు నువ్వు ఆగిపోయిన చోటు నుంచే మొదలుపెడదాం. మోకాళ్ల సంగతీ బూట్ల సంగతీ ఎవరైనా చెప్తారు, కానీ అన్నయ్య అన్న మాటకు జవాబు దొరక్కపోతే నువ్వు ఎన్ని కిలోమీటర్లు పరిగెత్తినా అది నీ వెంటే వస్తుంది.

లారీ తోలారు. అవును, తోలారు. ఎక్కడ తోలారో అన్నయ్యకు తెలుసా? నీకు తెలుసా? నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, నాన్న పనిచేసిన ఒక్క ఊరి పేరు కూడా అందులో కనపడలేదు. తప్పు పట్టడం లేదమ్మా, ఆ రోజుల్లో జవాన్ల పిల్లలు చాలామంది అలాగే పెరిగారు. ఏపీఓ అంటే ఆర్మీ పోస్టాఫీసు, 56 ఏపీఓ అనేది ఊరు కాదు. ఉత్తరం, పడమర వైపు ఉండే యూనిట్లకు వెళ్లే ఉత్తరాలు ఢిల్లీలో ఉన్న ఆర్మీ బేస్ పోస్టాఫీసుకు చేరి అక్కడి నుంచి విడిపోతాయి, వాటి మీద 56 ఏపీఓ అని రాస్తారు. తూర్పు వైపు యూనిట్లవి కోల్‌కతా మీదుగా పోతాయి, వాటికి 99 ఏపీఓ. యూనిట్ ఎక్కడుందో కవరు చూసినవాళ్లకు తెలియకూడదని ఆ ఏర్పాటు. దాంతో తెలియకూడనివాళ్లతో పాటు ఇంట్లోవాళ్లకూ తెలియకుండా పోయింది. నాన్న మంచు కొండల్లో ఉన్నా, రాజస్థాన్ ఇసుకలో ఉన్నా మీ ఇంటికి వచ్చింది ఆ రెండంకెలే.

నాన్న ఎక్కడెక్కడ చేశారో నేను చెప్పలేను. 56 ఏపీఓ కింద ఏఎస్‌సీ డ్రైవర్‌కు ఎలాంటి పని పడేదో ఒక్క దారి గురించి చెప్తాను, అన్నయ్యకు కూడా చదివి వినిపించు. శ్రీనగర్ నుంచి లేహ్‌కు రోడ్డు నాలుగు వందల కిలోమీటర్ల పైమాటే. సోనామార్గ్ దాటాక జోజిలా కనుమ వస్తుంది, పదకొండున్నర వేల అడుగుల ఎత్తు. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. తర్వాత ద్రాస్, కార్గిల్, ఆ పైన ఫోటులా, అది పదమూడు వేల అడుగులు దాటుతుంది. ఆ రోజుల్లో చలికాలం వచ్చిందంటే మంచుకు జోజిలా నెలల తరబడి మూసుకుపోయేది. కాబట్టి పైన పోస్టుల్లో ఉన్నవాళ్లకు ఆ నెలలన్నిటికీ కావలసిన పిండి, పప్పు, కిరసనాయిలు, మందులు, తూటాలు మొత్తం దారి మూసుకునే లోపే ఎక్కించేయాలి. దాన్ని వింటర్ స్టాకింగ్ అంటారు. ఎండాకాలం మొదలైనప్పటి నుంచి ఆ దారిలో కాన్వాయ్‌లు నడుస్తూనే ఉంటాయి, ముందు శక్తిమాన్ లారీలు ఉండేవి, తర్వాత స్టాలియన్‌లు వచ్చాయి. స్టీరింగ్ దగ్గర కూర్చున్న మనిషికి గాలి సరిగా ఆడదు, బ్రేకు పడకపోతే కింద లోయ. అతను ఒక్క ట్రిప్పు తప్పిస్తే పైన బంకర్‌లో ఎవరికో జనవరిలో కిరసనాయిలు ఉండదు.

1999లో కార్గిల్ యుద్ధం ఆ దారి పక్కనే జరిగింది. తోలోలింగ్ మీద, టైగర్ హిల్ మీద కూర్చున్న శత్రువులకు ద్రాస్ దగ్గర మన రోడ్డు కనపడుతూ ఉండేది, అక్కడి నుంచి చూసి గుండ్లు వేయించేవాళ్లు. మన లారీలు రాత్రిళ్లు హెడ్‌లైట్లు ఆపేసి వెళ్లేవి. ఆ యుద్ధంలో మన ఫిరంగులు రెండు లక్షలకు పైగా గుండ్లు పేల్చాయని లెక్క. బోఫోర్స్ ఫిరంగి గుండు ఒక్కొక్కటి నలభై కిలోలకు పైనే ఉంటుంది. ప్రతి గుండునూ ఎవరో ఒకరు లారీలో తెచ్చి దించితేనే కదా ఫిరంగి పేలింది. నాన్న అప్పుడు అక్కడే ఉన్నారని నేను అనడం లేదు. ఉన్నారేమో మీరెవరూ అడగలేదంటున్నాను, అంతే. ఏఎస్‌సీ వాళ్ల నినాదం ‘సేవా అస్మాకం ధర్మః’. ఇందులో వీరత్వం గురించి ఒక్క మాట లేదు, ఉన్నది సేవ గురించే. నాన్న తుపాకీ పేల్చకపోయినా 24 ఏళ్లు ఆ పని చేసి హవల్దారు అయ్యారు, దానికి ఎవరి దగ్గరా తల దించుకోవాల్సిన పని లేదు.

అందుకే నా మొదటి సలహా పరుగుకు సంబంధించింది కాదు. ఊరెళ్లి నాన్న ట్రంకు పెట్టె తెరువు. అందులో డిశ్చార్జ్ బుక్ ఉండాలి, రిటైరయ్యే ప్రతి జవానుకూ ఇస్తారు, ఎప్పుడు చేరారు, ఏ ట్రేడు, ఏ ఏ మెడల్స్ వచ్చాయి, అన్నీ రాసి ఉంటాయి. మెడల్స్ చేతిలోకి తీసుకుని అంచు చూడు, చాలావాటి మీద ఆయన నంబరు, ర్యాంకు, పేరు చెక్కి ఉంటాయి. రెండు వైపులా ఏం రాసి ఉందో కూడా చదువు. హై ఆల్టిట్యూడ్ మెడల్ ఉందంటే ఎత్తు ప్రదేశాల్లో చేశారని అర్థం, ఆపరేషన్ విజయ్ అని ఉందంటే పైన చెప్పిన 1999 యుద్ధ సమయంలో ఆయన సేవకూ గుర్తింపు ఉందని అర్థం. పాత ఉత్తరాలు ఉంటే అవీ తీయి, పంపినవారి అడ్రసులో యూనిట్ పేరు ఉంటుంది, కొత్తగా వచ్చినవాటి మీద 9తో మొదలయ్యే పిన్‌కోడ్ ఉంటుంది, అది ఆర్మీ తపాలాకు మాత్రమే వాడే కోడ్. బుక్ దొరక్కపోతే ఏఎస్‌సీ రికార్డ్స్ ఆఫీసు బెంగళూరులో ఉంది, అమ్మ పేరు మీద ఉత్తరం రాయించు. జిల్లా సైనిక్ సంక్షేమ కార్యాలయంలోనూ దారి చెప్తారు, ఫ్యామిలీ పెన్షన్ కోసం అమ్మ ఆ గడప ఎక్కే ఉంటుంది. మీ జిల్లాలో ఏ ఊళ్లో అడిగినా ఒక మాజీ జవాను దొరుకుతాడు. వాళ్ల దగ్గర కూర్చుని వాళ్లు చెప్పింది విను, నాన్నతో చేసినవాళ్లు దొరికితే ఇంకా మంచిది.

ఇప్పుడు పరుగు. నువ్వు ఇప్పుడు కిలోమీటరుకు 8 నిమిషాలు తీసుకుంటున్నావు. అదే వేగం చివరిదాకా నిలబడినా 42.195 కిలోమీటర్లకు దాదాపు అయిదు గంటల నలభై నిమిషాలు పడుతుంది, మొదటిసారి చాలామందికి నిలబడదు కాబట్టి ఆరు గంటలు దాటుతుంది. తెల్లవారకముందే నెక్లెస్ రోడ్డులో బయలుదేరినా చివరి పదీ పదిహేను కిలోమీటర్లు ఎండెక్కాక చెయ్యాలి. ఆగస్టు అంటే ఎండ లేకపోయినా ఉక్క ఉంటుంది, చెమట పడుతుంది కానీ ఆరదు, ఒళ్లు చల్లబడదు. పైగా హైదరాబాద్ రూట్ అంతా ఎక్కుళ్లూ దిగుళ్లూ, ఫ్లైఓవర్లు, జూబ్లీహిల్స్ ఎత్తులు దాటి గచ్చిబౌలి స్టేడియం చేరాలి. ఏళ్ల తరబడి పరిగెత్తేవాళ్లే దీన్ని కష్టమైన రూట్ అంటారు. అయిదు కిలోమీటర్ల నుంచి మూడు నెలల్లో అక్కడికి వెళ్లాలని చూస్తే ఊపిరి సర్దుకుంటుంది కానీ కాలి కండను ఎముకకు కట్టి ఉంచే స్నాయువులు, ఎముకలు సర్దుకోవు. వాటికి నెలలు కావాలి. పిక్క ఎముకలో పగులు వచ్చి సగం ట్రైనింగ్‌లోనే ఆరు వారాలు ఇంట్లో కూర్చున్నవాళ్లు నాకు తెలుసు.

మరి ఆగస్టులో నాన్న సంవత్సరీకం కదా, ఏమీ చెయ్యకుండా ఉండటం ఎలా అంటావు. అక్కడే నాకు ఒక ఆలోచన వచ్చింది, నిజం చెప్పాలంటే నీ ఉత్తరానికి ఇంత పెద్ద జవాబు రాయడానికి కారణం అదే. ఈ ఆగస్టులో మారథాన్‌కు వెళ్లు, కానీ నీళ్ల టేబుల్ దగ్గర నిలబడు.

నా మొదటి ఫుల్ మారథాన్‌లో 33వ కిలోమీటరు దగ్గర పిక్కలు పట్టేశాయి. రోడ్డు పక్కన కూర్చుండిపోయాను, ఇక లేవలేననుకున్నాను. దగ్గర్లోని టేబుల్ నుంచి ఇంటర్ చదివే వయసు పిల్లాడొకడు పరుగున వచ్చి, ఉప్పు చల్లిన నారింజ తొన చేతిలో పెట్టి, ఇంకో చేత్తో నీళ్ల గ్లాసు పట్టుకుని నేను తాగేదాకా నిలబడ్డాడు. తర్వాత తెలిసింది, ఆ పిల్లలు మూడున్నరకే వచ్చి క్యాన్లు దించుకుని, గ్లాసులు సర్దుకుని, ఆఖరి మనిషి వెళ్లేదాకా అక్కడే ఉంటారని. ఆ రోజు నా మెడలో మెడల్ పడిందంటే ఆ తొన వల్లే. రెండు రెండున్నర కిలోమీటర్లకో టేబుల్ చొప్పున నీళ్లు, ఓఆర్‌ఎస్, అరటిపండ్లు చేరవేసేవాళ్లు లేకపోతే ఎంత గొప్ప రన్నర్ అయినా గచ్చిబౌలి చేరడు. నాన్న చేసిన పని ఇదే కదమ్మా. మనిషి ఎక్కడ ఆగిపోతాడో అక్కడికి ముందే సరుకు చేర్చి ఉంచడం. ఏఎస్‌సీ మనిషి పేరు మీద మారథాన్‌లో చెయ్యడానికి ఇంతకంటే దగ్గరి పని నాకు తోచలేదు. వాలంటీర్లకు ప్రతి ఏడూ రిజిస్ట్రేషన్ ఉంటుంది. ముప్ఫై కిలోమీటర్లు దాటాక ఉండే టేబుల్ అడిగి తీసుకో, మనుషులు ఆగిపోయేది అక్కడే. వీలైతే అన్నయ్యను కూడా తీసుకురా. మాటలతో కాని పని క్యాన్లు మోస్తే అవుతుందేమో చూద్దాం.

డిసెంబరులో వైజాగ్ వెళ్లు. అక్కడ నేవీ వాళ్లు నడిపే మారథాన్ ఉంది, ఈ మధ్య డిసెంబరులోనే జరుగుతోంది, తేదీ చూసుకుని 21 కిలోమీటర్లకు పేరు ఇవ్వు. ఆ నెలలో గాలి చల్లగా ఉంటుంది, ఊరి నుంచి అమ్మకు దగ్గర. ఆర్కే బీచ్‌లో 1971 యుద్ధం గుర్తుగా కట్టిన స్తూపం, కురుసుర సబ్‌మెరైన్ దాటుకుంటూ సముద్రం పక్కనే దారి, కైలాసగిరి వైపు ఒక ఎక్కుడు తప్పిస్తే మరీ కష్టం కాదు. ఇంకో మాట, డిసెంబరు 7 సాయుధ దళాల పతాక దినోత్సవం, 8 ఏఎస్‌సీ కోర్ డే. నాన్న సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఆ ఎనిమిదో తారీఖున యూనిట్‌లో బడా ఖానా, అంటే అందరూ కలిసి తినే విందు, తినే ఉంటారు. నీకు తేదీ కావాలనుకుంటే అది పట్టుకో.

ఫుల్ వచ్చే ఏడు. అప్పటిదాకా వారానికి నాలుగు రోజులు పరిగెత్తు, మూడు చిన్నవి, ఆదివారం ఒక పొడుగు పరుగు. ఆ పొడుగుదాన్ని వారానికో కిలోమీటరు పెంచు, ప్రతి నాలుగో వారం తగ్గించు. పక్కనున్న మనిషితో పూర్తి వాక్యం మాట్లాడగలిగేంత నెమ్మదిగా పరిగెత్తు, మాట తెగుతోందంటే వేగం ఎక్కువైంది. మధ్యలో నడిస్తే ఏమీ కాదు. వైజాగ్ హాఫ్‌కు ముందు 18 దాకా, ఫుల్‌కు ముందు 30, 32 దాకా ఒకటి రెండుసార్లు చేసి, చివరి మూడు వారాలు తగ్గించుకుంటూ రా. వారానికి రెండు రోజులు గుంజీలు, మునివేళ్ల మీద లేవడం, తుంటి కండలకు ఏదైనా. తెల్లవారుజామున ఒంటరిగా వద్దు, కుక్కలు ఉంటాయి, చీకటి ఉంటుంది. కేబీఆర్ పార్కు దగ్గర, గచ్చిబౌలి వైపు, నెక్లెస్ రోడ్డులో గ్రూపులు పరిగెడుతుంటాయి, నీ ఇంటికి దగ్గరదాంట్లో చేరు. నీళ్లు దాహం వేసినంతే తాగు, గంట దాటే పరుగుకు ఓఆర్‌ఎస్ వెంట ఉంచుకో, లీటరు ప్యాకెట్ లీటరు నీళ్లలోనే కలుపు. భయంతో ఉత్త నీళ్లు అదే పనిగా తాగితే ఒంట్లో ఉప్పు పలచబడి ప్రాణం మీదికి వస్తుంది, ఇది చాలామందికి తెలియదు.

అమ్మ సంగతి. ఆమెది పిరికితనం కాదు, మొగుణ్ణి గుండెపోటుకు పోగొట్టుకుని ఇంకా ఏడాది తిరగలేదు. ఇప్పుడు కూతురు గుండె దడదడలాడే పనికి దిగుతానంటోంది. ఆమెకు ధైర్యం చెప్పకు, రిపోర్టులు చూపించు. కార్డియాలజిస్టు దగ్గరికి వెళ్లి నాన్న విషయం చెప్పు, ఈసీజీ, ఎకో, ట్రెడ్‌మిల్ టెస్టు ఏవి అవసరమో ఆయనే చెప్తారు. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకో. రక్తంలో హిమోగ్లోబిన్, ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ తప్పకుండా చూపించుకో, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతానికి రక్తహీనత ఉందని తేలింది, రక్తం లేకుండా ఏ ట్రైనింగూ ఎక్కదు. ఆ కాగితాలు పట్టుకుని అమ్మ పక్కన కూర్చో. పరిగెత్తేటప్పుడు ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, ఎప్పుడూ లేని దడ వస్తే అక్కడే ఆగిపోతానని ఆమెకు మాటివ్వు, ఇచ్చిన మాట మీద ఉండు.

అప్పుడే ఇంకోటి అడుగు. నాన్న లేని ఆ పది నెలలు ఆమె ఎలా గడిపిందో. మనియార్డర్ ఆలస్యమైన నెలలో ఏం చేసింది, మీకు జ్వరం వస్తే ఎవరిని లేపింది, 1999లో రేడియో వింటూ ఏమనుకుంది. నాన్న మీద ఇంత ప్రేమగా ఉత్తరం రాశావు, అందులో అమ్మ ‘వద్దంటోంది’ అన్న ఒక్క మాటలోనే ఉంది. ఆ 24 ఏళ్ల సర్వీసు ఆమె కూడా చేసింది.

జాకెట్ వేసుకోవద్దు. సైనికుణ్ణని నమ్మించే ఉద్దేశంతో సైనిక దుస్తులు వేసుకోవడం చట్ట ప్రకారం నేరం, భారతీయ న్యాయ సంహితలో 168వ సెక్షన్. నీకు ఆ ఉద్దేశం లేదని నాకు తెలుసు, అయినా వేలమంది మధ్య ఎవరో ఒకరు ఆపి అడిగితే ఆ రోజంతా పాడవుతుంది. పైగా ఆ గుడ్డ చెమటకు బరువెక్కి చంకల కింద, నడుము దగ్గర చర్మం ఒలిచేస్తుంది. మెడల్స్ కూడా ఇంట్లోనే ఉంచు. రిబ్బన్లకు చెమట పడుతుంది, ఒక్కటి ఊడి రోడ్డు మీద పడిపోతే మళ్లీ తేలేవు. జాకెట్ ఉతికించకుండా అలాగే దాచుకో, అందులో ఆయన వాసన ఇంకా ఉంటుంది.

డబ్బు విషయంలో ఒక్కటే, నీ ఫోన్ నంబరుకు వేయించుకోవద్దు. సాయుధ దళాల పతాక దినోత్సవ నిధి ఉంది, కేంద్రీయ సైనిక్ బోర్డు చూస్తుంది, మాజీ సైనికుల కుటుంబాలకు, వితంతువులకు, పిల్లల చదువులకు వెళ్తుంది. ఇచ్చేవాళ్లను నేరుగా అందులోనే వేయమను, ఎంత వచ్చిందనే మాట నీ మీదకు రాకుండా ఉంటుంది. ఎవరూ ఇవ్వకపోయినా బాధపడకు, నువ్వు పరిగెత్తుతున్నది దానికోసం కాదు.

వేసుకోవడానికి ఏదైనా కావాలి కదా. మామూలు పరుగు టీషర్టు కొను, వీపు మీద పెద్ద అక్షరాలతో ‘56 ఏపీఓ’ అని రాయించు. ఇంకేమీ వద్దు, ఫొటో వద్దు, ర్యాంకు వద్దు. తెలియనివాళ్లు చదివి దాటిపోతారు. కానీ వైజాగ్ బీచ్ రోడ్డులో ఆ రోజు యూనిఫాం తీసేసి పరిగెత్తేవాళ్లు, ఫోర్సుల్లో చేసి వచ్చినవాళ్లు, వాళ్ల పిల్లలు చాలామంది ఉంటారు. ఎవరో ఒకరు నీ పక్కకు వచ్చి అడుగు కలుపుతారు, "ఎవరమ్మా, నాన్నా? ఏ యూనిట్? ఎక్కడ చేశారు?" అని అడుగుతారు. ఆ మూడో ప్రశ్నకు ఇవాళ నీ దగ్గర జవాబు లేదు. ఈ శనివారం రాత్రి బస్సుకు టికెట్ తీసుకో, ట్రంకు పెట్టె తాళం ఎక్కడుందో అమ్మకు ఫోన్ చేసి ముందే అడుగు.